నాలుగు తొమ్మిదులు

పన్నెండు గంటలకల్లా ఆఫీసు పని ముగించి అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలని లెక్కలమ్మ పొద్దున్నే గట్టిగా అనుకుంది. అంతకుముందు రెండుసార్లు ఇలాగే అనుకుని రెండుసార్లూ వాయిదా వేసింది. మూడోసారి కూడా వేస్తే అత్తగారు ఏమీ అనరు. ఏమీ అనకుండా ఇల్లంతా ఎలా నింపేయాలో ఆవిడకు బాగా తెలుసు. కోడలి భయమంతా దానికే.

లెక్కలమ్మ అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ళ రోడ్ల మీద ఇవాళ ఎన్ని బళ్ళు తిరుగుతున్నాయో తెలుసుకుని, ఇంకో పదేళ్ళకు ఎన్ని తిరుగుతాయో చెప్పడం ఆ ఆఫీసు పని. పదేళ్ళ తర్వాతి సంగతి చెప్పడానికి మోడల్ అనే కంప్యూటరు ప్రోగ్రాం ఒకటుంది. ఇవాళ్టి సంగతి చూడడానికి లెక్కలమ్మ ఉంది. ఊళ్ళవాళ్ళు రోడ్డుకు అడ్డంగా నల్ల రబ్బరు గొట్టం పరుస్తారు. దాని మీదుగా బండి వెళ్ళినప్పుడల్లా పక్కనున్న పెట్టె లెక్క వేసుకుంటుంది. ఆ అంకెలు ఏడాదికోసారి ఈమెకు పంపుతారు. ఎలా పంపుతారన్నది ఎవరి సంస్కారం వారిది. ఒక ఊరు చక్కగా పట్టిక వేసి పంపుతుంది. ఇంకో ఊరు కాగితానికి ఫోటో తీసి, అది కూడా తలకిందులుగా పంపుతుంది. ఒక ఊరి గుమాస్తా అయితే బళ్ళతో పాటు దారిన పోయే కుక్కలను కూడా లెక్కపెట్టి, వాటికి అడుగున విడిగా కూడిక వేశాడు.

ఇవన్నీ చిక్కు తీసి, ఒక్క ఫైల్లో ఆరు వందల వరుసలుగా పేర్చే పని ఆమె ఆరేళ్ళుగా చేస్తోంది. ఆరేళ్ళుగా ఆమెది కాంట్రాక్టు ఉద్యోగమే. దాన్ని పర్మనెంటు చేసే కాగితం రెండు నెలలుగా పెద్దసారు టేబుల్ మీద ఉంది. ఆయన సిఫారసు రాసి పంపితే కమిషనర్ మేడమ్ సంతకం పెడతారు. ఆ సంతకం పడితే, ఏటా గడువు ముగిసే ముందు నెల రోజుల పాటు ఆమెకు నిద్ర పట్టని జబ్బు నయమవుతుంది. ఆమె కోరుకున్నదల్లా అదే.

ఆ ఫైలుకు ఒక విచిత్రమైన నియమం ఉంది. గడి ఖాళీగా ఉండకూడదు. ఖాళీ గడి చూస్తే సోమరితనం కనిపిస్తోందని ఎప్పుడో ఒక అధికారి చిరాకుపడ్డాడట. అందుకని ఏదైనా రోడ్డు లెక్క అందకపోతే ఆ గడిలో 9999 అని వేయాలి. ‘ఇక్కడ లెక్క తీయలేదు’ అని దాని అర్థం. ఫైలు మోడల్‌కు పంపే ముందు అలాంటి వరుసలన్నీ తీసేయాలి. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు. ఒక పాత గుమాస్తా రిటైరై వెళ్తూ లెక్కలమ్మ చెవిన వేసి వెళ్ళాడు. ఏటా ఆమె చడీచప్పుడు కాకుండా తీసేస్తూ వచ్చింది కాబట్టి ఇంకెవరి చెవినా వేయవలసిన అవసరం రాలేదు.

ఆ పొద్దున అలాంటి వరుసలు ఏడు ఉన్నాయి. ఆరు తీసేసింది. ఏడోదాని మీద వేలు పెట్టబోతుండగా ఫోను మోగింది.

"అమ్మాయ్, నేను చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. నువ్వేం తొందరపడకు," అన్నారు అత్తగారు.

అప్పటికింకా పదిన్నరే.

"వచ్చేస్తున్నా అత్తయ్యా! ఇదిగో, ఒక్క ఫైలు పంపేసి బయల్దేరుతున్నా."

అన్నంత పనీ చేసింది. ఒక్క ఫైలు పంపేసి బయల్దేరింది. మూడు వందల పన్నెండో నంబరు రోడ్డు, తన నాలుగు తొమ్మిదులతో సహా, నేరుగా మోడల్ సారు కంప్యూటర్లోకి వెళ్ళిపోయింది.

మోడల్ సారు యాభై ఏళ్ళ నెమ్మదస్తుడు. మోడల్ గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తాడు. ఫైలు రాగానే మోడల్‌కు పెట్టాడు. గంటకు 9999 బళ్ళు అంటే రోజుకు రెండు లక్షల ముప్పై తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్భై ఆరు. ఇన్ని బళ్ళు పోతున్నాయంటే అవి ఎక్కడి నుంచో రావాలి కదా అని మోడల్ ఆలోచించింది. చుట్టుపక్కల మూడు ఊళ్ళ జనాన్ని పొద్దున్నే ఇళ్ళలోంచి లేపి, మూడు వందల పన్నెండు మీదుగా తోలింది. వాళ్ళు చాలకపోతే నాలుగో ఊరు కూడా ఖాళీ చేసింది. తెర మీద ఆ రోడ్డు వేలెడు లావున ఎర్రగా వెలిగింది.

ఈ సీటుకు వచ్చిన ఐదేళ్ళలో ఆయన అంత ఎర్రటి గీత చూడలేదు. పరుగున వెళ్ళి పెద్దసారుకు చూపించాడు. పెద్దసారు ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. పోయేలోగా తన హయాంలో పెద్దదేదైనా బయటపడాలని ఆయన కోరిక. ఇంటికీ ఆఫీసుకీ మధ్యనున్న రోడ్డు తప్ప మిగతావన్నీ ఆయన కాగితం మీద చూసినవే. ఆయన ఆ గీతను రెండు నిమిషాలు తనివితీరా చూసి, కమిషనర్ మేడమ్‌కు ఫోను చేశాడు.

అత్తగారి కళ్ళలో నర్సు చుక్కల మందు వేస్తుండగా లెక్కలమ్మకు మోడల్ సారు ఫోను వచ్చింది.

"అమ్మా, మూడు వందల పన్నెండు... అబ్బ! ఏం రోడ్డమ్మా అది!"

లెక్కలమ్మకు ఏడో వరుస కళ్ళ ముందు కనిపించింది.

"సార్, అది పొరపాటున..."

"పొరపాటైతే మోడల్ ఒప్పుకునేదా? ఒప్పేసుకుందమ్మా! నాలుగు ఊళ్ళు సర్దేసింది!"

"కాదు సార్, ముందు నా మాట వినండి..."

"ఫోన్లు బయట మాట్లాడుకోండి!" అని నర్సు కసిరింది. లెక్కలమ్మ బయటకు వచ్చేసరికి ఆయన పెట్టేశాడు. సరే, మాటలతో పనేమిటని ఆమె అక్కడే బెంచీ మీద కూర్చుని, ఫోన్లోనే ఆ వరుస తీసేసి, ‘సవరించిన ప్రతి’ అని రాసి ఫైలు మళ్ళీ పంపింది. తప్పు తన చేత్తోనే జరిగింది, తన చేత్తోనే సరయిపోయింది అనుకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

పది నిమిషాలకు జవాబు వచ్చింది. "కంగారు పడకండి. మీ రెండో ఫైల్లో 312 ఎలాగో ఎగిరిపోయింది. అదృష్టం కొద్దీ నేను చూశాను. మొదటి ఫైల్లోంచి తీసి మళ్ళీ పెట్టేశాను. ఇక భద్రం."

మోడల్ సారు మంచివాడు. ఆయన మంచితనం ఎప్పుడూ ఇలాగే వచ్చి నెత్తిన పడుతుంది. లెక్కలమ్మ ఇక లాభం లేదని పెద్దసారుకే ఫోను చేసింది. ఆయన ఆమెకు నోరు తెరిచే సందు ఇవ్వలేదు.

"నీకే చేద్దామనుకుంటున్నానమ్మా! రేపు తొమ్మిదింటికి కమిషనర్ మేడమ్ స్వయంగా వస్తున్నారు, ఆ రోడ్డు చూడ్డానికి. నీ కాగితం కూడా పట్టుకొస్తున్నా. సిఫారసు రాసేశాను. అక్కడికక్కడే సంతకం పెట్టిద్దాం. సంతోషమేనా? అన్నట్టు, ఆ రోడ్డు ఎక్కడుందో నీకే తెలుసు కదా. దారి నువ్వే చూపించాలి."

చెప్పేయాలనే లెక్కలమ్మ ఫోను చేసింది. మాట గొంతులో తయారుగా ఉంది కూడా. కానీ సిఫారసు అన్న మాట చెవిన పడగానే ఆరేళ్ళూ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఏటా గడువు పొడిగింపు కోసం ఆయన గది బయట నిలబడ్డ ఆరు మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. "అలాగే సార్," అంది. అన్న వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

అసలు చిక్కేమిటంటే, ఆ రోడ్డు ఎక్కడుందో ఆమెకూ తెలియదు. ఊరివాళ్ళు పంపిన కాగితం వెతికితే ‘312: ఇక్కడ గొట్టం పరచడానికి వీలు లేదు’ అని ఒక్క ముక్క ఉంది. ఎందుకు వీలు లేదో రాయలేదు. ఆసుపత్రి నుంచే బస్సెక్కి వెతుక్కుంటూ వెళ్ళింది. చుక్కల మందు వల్ల అత్తగారికి ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆనడం లేదు. అలాంటి మనిషిని ఒంటరిగా ఇంటికి పంపలేక వెంట తీసుకెళ్ళింది.

బజారు వెనక ఒక ఇరుకు దారి, దాని చివర రెండు గోడల మధ్య మూడు వందల పన్నెండో నంబరు కనిపించాయి. లెక్కలమ్మ అక్కడే నిలబడిపోయింది.

"ఏమైందమ్మాయ్? రోడ్డు బాగానే ఉందిగా, నడువు," అని అత్తగారు అడుగు ముందుకు వేయబోయారు.

"ఆగండత్తయ్యా! మెట్లు!"

మెట్లే. కింది వీధి నుంచి పై వీధికి డెబ్భై రెండు రాతి మెట్లు. ఎవరో ఆఫీసులో కూర్చుని పటం మీద ఆ సందును కూడా రోడ్డుగా గీసి నంబరు ఇచ్చారు. సగం మెట్లెక్కాక కాస్త చదునుగా ఉన్న చోట ఒక దర్జీ కుట్టుమిషను పెట్టుకుని కూర్చున్నాడు. లెక్కలమ్మ అత్తగారిని చెయ్యి పట్టుకుని అక్కడిదాకా ఎక్కించింది.

"ఇటుగా బళ్ళేమైనా వస్తాయాండీ?" అని అడిగింది. అడక్కుండా ఉండలేకపోయింది.

దర్జీ కళ్ళజోడు పైకి తోసి ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇరవై ఏళ్ళుగా ఇక్కడే కూర్చున్నానమ్మా. ఈ మెట్ల మీదకి వచ్చిన చక్రం ఒకటే, ఇదిగో, నా మిషనుది. దాన్ని ఎక్కించడానికి నలుగురు పట్టారు."

అత్తగారు ముందు మెట్టు మీద కూలబడి, తర్వాత సంగతంతా అడిగి తెలుసుకున్నారు. అంతా విని, కోడలు ఉన్న వైపు అనుకుని దర్జీ వైపు తిరిగి అన్నారు: "చూడమ్మాయ్, ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుందాం. రేపు ఆవిడొచ్చాక దాచకుండా చెప్పెయ్. లోపల పెట్టుకుని నువ్వు నిద్ర పోలేవు. నువ్వు పోకపోతే నన్నూ పోనివ్వవు."

లెక్కలమ్మకు కళ్ళు చెమర్చాయి. దర్జీ కూడా "అవునండి, అదే మంచిది," అన్నాడు, తననే అడిగారనుకుని.

రాత్రి భోజనాల దగ్గర భర్తకు చెప్పింది. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. స్కూలుకు ఐదు కార్లు, ఒక్కొక్క కారుకు నేర్చుకునేవాళ్ళకొకటి, నేర్పేవాళ్ళకొకటి చొప్పున రెండేసి బ్రేకులు ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళు భయపడకూడదని బ్రేకుల విషయంలో ఆయన రాజీపడడు.

"ఇంతేనా? బళ్ళు కావాలి, అంతే కదా?" అన్నాడు ఆయన. "నా స్టూడెంట్లని ఐదు కార్లలో ఎక్కించి ఆ కింది వీధిలో చుట్లు తిప్పుతాను. రద్దీగా కనపడుతుంది."

"వద్దండీ. మీరు అటు రానే రావద్దు. నేను చెప్పేస్తాను, అయిపోతుంది."

"సరే సరే, రాను," అన్నాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన ఇంత త్వరగా ఏనాడూ ఒప్పుకోలేదు. లెక్కలమ్మ ఆ పూట అది గమనించే స్థితిలో లేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా ఆమె కింది వీధి మొదట్లో పెద్దసారుతోనూ మోడల్ సారుతోనూ నిలబడి ఉంది. కమిషనర్ రాగానే మొదటి మాటగా చెప్పేయాలని మనసులో వాక్యం కూడబలుక్కుంటోంది. తొమ్మిదయింది. తొమ్మిదింపావయింది. కమిషనర్ జాడ లేదు. బజారు రోడ్డు వైపు నుంచి హారన్లు మాత్రం వినపడుతున్నాయి. మొదట ఒకటీ రెండూ, తర్వాత పదీ ఇరవై, ఆ తర్వాత ఏ హారనుకు ఆ హారను విడిగా వినపడడం మానేసింది.

తొమ్మిదీ నలభైకి కమిషనర్ మేడమ్ నడిచి వచ్చారు. అర కిలోమీటరు అవతల కారు వదిలేశారు. చెమటతో, దుమ్ముతో, చేతిలో ఒక చెప్పుతో వచ్చారు. రెండో చెప్పు వేసుకునే ఉన్నారు.

"చూశారా మేడమ్!" పెద్దసారు ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలేదూ? ఇంకా మనం అసలు రోడ్డు దాకా రానే లేదు!"

"మేడమ్, నేనొక మాట..." అంది లెక్కలమ్మ.

"ముందు రోడ్డు చూపించమ్మా, మాటలు తర్వాత," అని పెద్దసారు అందరినీ లోపలికి నడిపించాడు. నూరడుగులు నడిచాక గోడలు దగ్గరపడ్డాయి. ఇంకో ఇరవై అడుగులకు మెట్లు వచ్చాయి. మూసుకుపోయిన వీధిలోంచి ఆఫీసులకు వెళ్ళే జనం బళ్ళు వదిలేసి, సంచులు భుజాన వేసుకుని, ఆయాసపడుతూ ఆ మెట్లెక్కి పై వీధికి పోతున్నారు. వాళ్ళ మధ్యలోంచి పెద్దసారు అందరినీ దర్జీ కూర్చున్న చోటిదాకా ఎక్కించాడు.

పెద్దసారు పైకి చూశాడు. కిందికి చూశాడు. "ఇది... రోడ్డుకి వెళ్ళే దారి అయి ఉంటుంది మేడమ్," అన్నాడు.

మోడల్ సారు చేతిలోని పటం మీద వేలు పెట్టి, గొంతు తగ్గించి, "కాదు సార్. మనం రోడ్డు మధ్యలోనే ఉన్నాం. ట్రాఫిక్‌కి అడ్డంగా," అన్నాడు.

కమిషనర్ ఒక మెట్టు మీద కూర్చుని చేతిలోని చెప్పు తొడుక్కున్నారు. ఏమీ అనలేదు. ఆవిడ అనకపోవడం అత్తగారిని గుర్తుచేసింది. లెక్కలమ్మ ఇక ఆగలేదు.

"తప్పు నాది మేడమ్. లెక్క లేని చోట మేం నాలుగు తొమ్మిదులు వేస్తాం. పంపే ముందు తీసెయ్యాలి. ఆరు తీశాను, ఏడోది మర్చిపోయాను. ఇక్కడ బండి అన్నది ఏనాడూ తిరగలేదు. నిన్నే సార్‌కి చెప్పాల్సింది. నా కాగితం మీద సంతకం పోతుందని భయపడ్డాను."

పెద్దసారు చేతిలోని కాగితం దానంతటదే కిందికి వాలింది. మోడల్ సారు ముఖంలో అప్పుడు కనిపించిన బాధ ఆప్తులు పోయిన వాళ్ళ ముఖాల్లో కనిపిస్తుంది.

"బండే తిరగని చోటైతే," అన్నారు కమిషనర్ నెమ్మదిగా, "నేను నలభై నిమిషాలు ఇరుక్కున్నది దేంట్లో?"

లెక్కలమ్మ వీధి వైపు చూసింది. మలుపు దగ్గర ‘నేర్చుకుంటున్నారు’ అని బోర్డున్న కారు ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. దాని వెనక అలాంటివే మరో నాలుగు. ఆ నాలుగింట్లోంచీ నలుగురు దిగి ఒకరి వంక ఒకరు చూసుకుంటున్నారు. మొదటి కారు కిటికీలోంచి ఒక మనిషి సగం బయటకు వచ్చి, "క్లచ్చండీ, క్లచ్చు! అది కాదు, ఎడమ కాలు!" అని అరుస్తున్నాడు.

"అది మా ఆయన మేడమ్," అంది.

దర్జీ ఫక్కున నవ్వి, అది ఆఫీసర్లు ఉన్న చోటని గుర్తొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. కమిషనర్ నవ్వలేదు. లెక్కలమ్మ వైపు తిరిగారు.

"ఈ తొమ్మిదులు తీసే పని నువ్వెప్పటి నుంచి చేస్తున్నావమ్మా?"

"చేరిన దగ్గర్నుంచి మేడమ్. ఆరేళ్ళుగా."

"అంతకుముందు?"

"ఆ పని తెలిసిన పాత గుమాస్తాను వేరే సీటుకు మార్చాక, నేను చేరేదాకా... ఎవరూ తీసినట్టు లేదు మేడమ్. పాత ఫైళ్ళలో అలాగే ఉన్నాయి."

కమిషనర్ గొంతు ఇంకాస్త తగ్గింది. "నేనివాళ ఊళ్ళోకి వచ్చేదాకా బైపాసు మీద వచ్చాను. ఆరు వరుసల రోడ్డు. ఇరవై నిమిషాల్లో నాకు ఎదురైంది ఒక్క కుక్క. అదీ నడిమధ్యలో పడుకుని, హారను కొడితే లేవలేదు. ఆ రోడ్డు ఎనిమిదేళ్ళ కిందటి లెక్క చూసి మంజూరు చేశాం. నీకేమైనా తెలుసా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే అనువైన సమయం లెక్కలమ్మకు మళ్ళీ రాదు. పెద్దసారు కళ్ళతోనే బతిమాలాడు కూడా. కానీ ఒకసారి నిజం మొదలుపెట్టాక మధ్యలో ఆపడం ఆమెకు చేతకాలేదు.

"ఎనభై ఎనిమిదో వరుస మేడమ్. నాలుగు తొమ్మిదులే. చేరిన కొత్తలో చూసి, ఆ లెక్క నమ్మొద్దని మాత్రం నోట్ రాసి పెట్టాను. అప్పటికే రోడ్డు సగం వేసేశారని ఆఫీసులో దాన్ని పక్కన పెట్టారు."

"రిబ్బను కత్తిరించింది నేనే," అన్నారు కమిషనర్. "శిలాఫలకం మీద పేరు కూడా నాదే."

లెక్కలమ్మ తన ఉద్యోగం అక్కడితో సరి అనుకుంది. అత్తయ్యకు ఎలా చెప్పాలా అని కూడా ఆలోచన మొదలుపెట్టింది. ఇంతలో కమిషనర్ లేచి, పెద్దసారు ముందు చెయ్యి చాపారు.

"ఆ కాగితం ఇటివ్వండి. ఎన్నాళ్ళ నుంచి ఉంది మీ దగ్గర?"

"రెండు... రెండు నెలలు మేడమ్."

"ఎనిమిదేళ్ళలో నాకు నిజమైన అంకె చెప్పిన మొదటి మనిషి ఈవిడ. ఈవిడ కాగితం రెండు నెలలు ఆపారా?" కమిషనర్ కాగితాన్ని కుట్టుమిషను మీద పరిచారు. దర్జీ గౌరవంగా కత్తెర పక్కకు తీశాడు. సంతకం పెట్టి, కాగితం లెక్కలమ్మ చేతికే ఇచ్చారు. "రేపట్నుంచి పాత ఫైళ్ళన్నీ మొదటి నుంచి చూడాలి. ఇంకా ఎన్ని రోడ్లున్నాయో నాకు చెప్పు. నాకొక్కదానికే చెప్పు."

లెక్కలమ్మ తల ఊపింది. ఆ తర్వాత పరుగున వీధి మలుపు దాకా వెళ్ళి, కారు కిటికీలోంచి వేలాడుతున్న భర్తకు కాగితం చూపించి, ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఆయన తన పథకం పారిందనుకున్నాడు. ఈనాటికీ అలాగే అనుకుంటున్నాడు.

సాయంత్రం ఆఫీసుకు వెళ్ళి, ఎనిమిదేళ్ళ కిందటి ఫైలు తెరిచి, ఎనభై ఎనిమిదో వరుసను ఆమె శుభ్రంగా తీసేసింది. రోడ్డును తీసేసే వీలు మాత్రం ఫైల్లో లేదు.